రిమోట్ టీమ్‌తో లక్ష్యాల వర్క్‌షాప్: తేదీ ఖరారు నుంచి ఆఖరి లెక్క దాకా

కాల్ చివర్లో మేనేజర్ “అందరికీ ఓకేనా?” అని అడుగుతారు. రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకరు మ్యూట్ తీసి “ఓకే సార్” అంటారు, ఇద్దరు బొటనవేలి గుర్తు పెడతారు, కాల్ ముగుస్తుంది. ఆరు వారాలు గడిచాక చూస్తే ఆ లక్ష్యం మీద పని మొదలే కాలేదు. ఆఫీసు గదిలో అయితే ఆ ఓకే వెనక ఉన్న అనుమానం మొహంలో తెలిసేది, లేదంటే కింద చాయ్ బండి దగ్గరైనా బయటపడేది. తెర మీద ఆ రెండు అవకాశాలూ లేవు. అందుకని రిమోట్ టీమ్‌తో లక్ష్యాలు పెట్టుకునేటప్పుడు నోటిమాటను నమ్ముకోకూడదు. ముందు రాయించాలి, తర్వాత మాట్లాడించాలి, మళ్లీ రాయించాలి. కింద వచ్చే ప్రతి మెట్టూ ఈ వరసలోనే ఉంటుంది.

మాట గాల్లో తేలకుండా ఒక ఊహాజనిత టీమ్‌ను పట్టుకుని వెళ్దాం. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే 9 మంది టీమ్. ఐదుగురు హైదరాబాద్‌లో, ఇద్దరు వరంగల్‌లో, ఒకరు విజయవాడలో, ఒకరు డాలస్‌లో. జూలై నుంచి సెప్టెంబర్ వరకు మూడు నెలలకు లక్ష్యాలు పెట్టుకోవాలి.

చివరికి చేతిలో ఏముండాలి

ఒక్క పేజీ. అందులో రెండు, మహా అయితే మూడు లక్ష్యాలు. ఒక్కో లక్ష్యానికి ఐదు సంగతులు రాసి ఉండాలి: ఇప్పుడు అంకె ఎంత, ఏ తేదీకి ఎంత కావాలి, ఆ అంకె ఏ రిపోర్టు నుంచి వస్తుంది, దానికి జవాబుదారీ అయిన ఒకే ఒక్క మనిషి పేరు, ఆ అంకె కోసం పరుగెత్తేటప్పుడు చెడకూడని మరో అంకె. పేజీ అడుగున ‘ఈ మూడు నెలలు చేయని పనులు’ అని ఒక జాబితా. చాలా టీమ్‌లు ఈ ఆఖరి జాబితాను వదిలేస్తాయి. అక్కడే మునుగుతాయి కూడా.

పద్ధతి పేరు మీద తగవు పెట్టుకోకండి. ఆండీ గ్రోవ్ 1970లలో ఇంటెల్‌లో నడిపి, జాన్ డోర్ 1999లో గూగుల్‌కు పట్టుకెళ్లిన ఓకేఆర్ (లక్ష్యం, దాన్ని కొలిచే ఫలితాలు కలిపి రాసే పద్ధతి) అయినా, జార్జ్ డోరన్ 1981లో రాసిన స్మార్ట్ (లక్ష్యం స్పష్టంగా, కొలవగలిగేలా, గడువుతో ఉండాలనే పద్ధతి) అయినా ఈ పేజీలో ఇమిడిపోతాయి. ఒక్క విషయం మాత్రం మొదటి మెయిల్‌లోనే తేల్చి చెప్పాలి: ఈ పేజీకీ వ్యక్తిగత కేఆర్ఏలకూ (ఒక్కో ఉద్యోగికి విడిగా రాసిచ్చే బాధ్యతలు), అప్రైజల్‌కూ సంబంధం లేదు. సంబంధం ఉందన్న అనుమానం వచ్చిన మరుక్షణం, అందరూ ఎలాగూ దాటగలిగే అంకెలే రాస్తారు. నిజంగా సంబంధం ఉంటే ఈ వర్క్‌షాప్ పెట్టడం దండగ, మేనేజరే టార్గెట్లు పంపేయొచ్చు.

మూడు వారాల ముందు: రోజు, వేళ, మనుషులు

జూలైలో మొదలయ్యే మూడు నెలలకు జూన్ మూడో వారం సరిపోతుంది. రెండో వారంలో తెలంగాణలో బడులు తెరుచుకుంటాయి. పుస్తకాలు, యూనిఫాంలు, బస్సు ఫీజుల మధ్య తల్లిదండ్రులను కూర్చోబెట్టి భవిష్యత్తు గురించి ఆలోచించమంటే కుదరదు. నాలుగు గంటల పొడుగు కాల్ ఒకటి వద్దు. తొంభై నిమిషాల కాల్స్ రెండు పెట్టండి, మధ్యలో పూర్తిగా రెండు రోజులు వదలండి. తెర ముందు గంటన్నర దాటితే మనుషులు కూర్చునే ఉంటారు కానీ వినరు. పైగా మధ్యలో దొరికే ఆ రెండు రోజుల్లోనే అసలు రాత జరుగుతుంది. సోమ, గురువారాలు బాగుంటాయి. బుధవారం మొదలుపెడితే శని, ఆదివారాలు అడ్డొస్తాయి. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదనే వాళ్లు టీమ్‌లో ఉంటే ఆ రోజును పట్టుబట్టి ఎంచుకోవాల్సిన అవసరమూ లేదు.

వేళ దగ్గర లెక్క జాగ్రత్తగా వేయాలి. హైదరాబాద్‌లో సాయంత్రం 6:30 అంటే వేసవిలో డాలస్‌లో ఉదయం 8, లండన్‌లో మధ్యాహ్నం 2. చలికాలంలో అవే 7, 1 అవుతాయి. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరిగి నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. ఈ తేదీల నడిమి వారాల్లో రెండు దేశాలతో మన తేడా వేర్వేరు రోజుల్లో మారుతుంది, సగం మంది గంట ముందో వెనకో వస్తారు. ఆహ్వానం క్యాలెండర్ నుంచే పంపండి. వాట్సాప్‌లో “సాయంత్రం ఆరున్నర” అని రాస్తే ఎవరి సాయంత్రమో తెలియదు.

6:30కి ఇంకో చిక్కుంది. ఆ రోజు ఆఫీసుకు వచ్చిన వాళ్లు అప్పటికి ఇంటిదారి పట్టి ఉంటారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్ వైపు నిలబడి వెళ్తున్న మనిషి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ‘ఊ’ కొట్టగలడే తప్ప రాయలేడు. ఆ రెండు రోజులు అందరికీ ఇంటి నుంచే పని అని ముందే చెప్పండి.

ఇక మనుషులు. ఆరు నుంచి తొమ్మిది మంది ఉంటే ఒకే కాల్. పది దాటితే రెండు గుంపులు చేసి, తర్వాత ఇద్దరేసి ప్రతినిధులతో కలపాలి. నలుగురికి పనులు ముందే అప్పగించాలి. నడిపేవారు ఒకరు, రాసేవారు ఒకరు, గడియారం చూసేవారు ఒకరు, ఆఖరి మాట చెప్పే మేనేజర్ ఒకరు. నడిపేవారూ మేనేజరూ ఒకరే కాకూడదు. మేనేజర్ నడిపితే ప్రతి ప్రశ్నా పరీక్షలా వినిపిస్తుంది. పక్క టీమ్ నుంచి ఒకరిని అడిగి తెచ్చుకోండి, మీరూ వాళ్లకు ఆ సాయం చేయొచ్చు.

రెండు వారాల ముందు: అంకెల కాగితం

అంకెలు లేకుండా కూర్చుంటే గొంతు గట్టిగా ఉన్నవారి అభిప్రాయమే లక్ష్యం అయిపోతుంది. ఒకే పేజీలో ఎనిమిది నుంచి పది అంకెలు పెట్టండి, ఒక్కోదానికి గత నాలుగు క్వార్టర్ల విలువలు. మన ఉదాహరణలో అయితే కొత్త షాపు నమోదైన రోజు నుంచి బిల్లింగ్ మొదలయ్యేదాకా పట్టే రోజులు, మొదటి నెలలో ఒక్కో షాపు నుంచి సపోర్టుకు వచ్చే కాల్స్, మూడు నెలల తర్వాత కూడా వాడుతున్న షాపుల శాతం, బిల్లు మధ్యలో సాఫ్ట్‌వేర్ ఆగిపోయిన సందర్భాలు, ఇలాంటివి.

సగటు కన్నా మధ్యస్థం రాయడం మేలు. ఒక షాపు యజమాని ఊరికి వెళ్లి 60 రోజులు సాఫ్ట్‌వేర్ తెరవకపోతే సగటు మొత్తం ఎగిరిపోతుంది. మధ్యస్థం కదలదు. అన్ని షాపులనూ రోజుల వరసలో నిలబెట్టి నడిమి షాపును తీసుకోవడమే అది. అంకె పక్కనే అది ఎక్కడి నుంచి తీశారో, ఎవరు తీశారో రాయండి. అలా రాయని అంకె మీద మొదటి కాల్‌లో పావుగంట వాదన ఖాయం.

వారం ముందు: ఫారం

గూగుల్ ఫారం చాలు. ప్రశ్నలు మూడే. ఈ మూడు నెలల్లో మన పనిలో మారాల్సింది ఒక్కటే అంటే ఏది? ఏ అంకె చూసి అలా అంటున్నారు? మనం ఇప్పుడు చేస్తున్న పనుల్లో ఏది ఆపేసినా ఎవరూ అడగరు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు తరచు మొదటి రెండింటి కన్నా పనికొస్తాయి.

జవాబులు ఒకరివి ఒకరికి కనిపించకూడదు. షేర్ చేసిన డాక్యుమెంట్‌లో రాయమంటే, సీనియర్ రాసిన మొదటి వాక్యం చదివి మిగతా వాళ్లు దానికే మెరుగులు దిద్దుతారు. మేనేజర్ కూడా అందరిలాగే నింపాలి, పేర్లు నడిపేవారికి తప్ప ఎవరికీ కనిపించకూడదు. గడువు మొదటి కాల్‌కు రెండు రోజుల ముందు. గడువు దాటినా నింపని వారికి మెయిల్ పంపి లాభం లేదు. ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే మీరు టైప్ చేసి చదివి వినిపించండి. ఎప్పుడూ మాట్లాడని ఇద్దరు ముగ్గురికి, కొత్తగా చేరినవారికి ఫారం నింపినా సరే ఒకసారి ఫోన్ చేయండి. “కాల్‌లో అనలేను కానీ అండీ...” అని మొదలయ్యే వాక్యం కోసమే ఆ పది నిమిషాలు.

జవాబులన్నీ వచ్చాక నడిపేవారు వాటిని ఆరేడు కుప్పలుగా సర్ది, పేర్లు తీసేసి, ఒక షీట్‌లో పెట్టాలి. మిరో లాంటి ఆన్‌లైన్ వైట్‌బోర్డులు చూడ్డానికి బాగుంటాయి కానీ ఫోన్‌లో చేరిన మనిషికి, నెట్ బలహీనంగా ఉన్న మనిషికి నరకం. మామూలు గూగుల్ షీట్ ఎవరికైనా తెరుచుకుంటుంది.

చేతిలో ఉన్న రోజులెన్ని

ఈ లెక్క వేయకుండా ఏ లక్ష్యమూ ఒప్పుకోవద్దు. 9 మంది, 13 వారాలు, వారానికి 5 రోజులు: 585 పనిదినాలు. ఆగస్టు 15, వినాయక చవితి లాంటి ఆఫీసు సెలవులు తలకు 3 అనుకుంటే 27 పోయాయి. సొంత సెలవులు తలకు 5 వేస్తే మరో 45. మిగిలింది 513. రోజువారీ పనులు, అంటే సపోర్టు, బగ్గులు, మీటింగులు, 40 శాతం తింటాయనుకుంటే 205 పోయి 308. అందులో అయిదో వంతు ఎవరూ ఊహించనివాటికి పక్కన పెడితే 62 పోయి 246. మొదట్లో కనిపించిన 585లో కొత్త పనికి దొరికేది 42 శాతమే. మీ టీమ్‌కు 40 శాతం సరిపోతుందో లేదో గత మూడు నెలల టికెట్లు (నమోదైన పనులు, ఫిర్యాదులు) చూసి వేయండి, ఊహించి వేయకండి.

పండుగల క్యాలెండర్‌ను ఊరి లెక్కన చూడాలి. జూలై–సెప్టెంబర్‌లో బోనాలు, వినాయక చవితి. నిమజ్జనం రోజున హుస్సేన్ సాగర్ చుట్టుపక్కల ఉండేవారు ఇల్లు దాటలేరు, ఇంట్లో ఉన్నా డప్పుల మధ్య కాల్ మాట్లాడలేరు. అక్టోబర్–డిసెంబర్‌లో బతుకమ్మ, దసరా, దీపావళి, ఆపైన నవంబర్ నాలుగో గురువారం నుంచి అమెరికా వైపు సెలవులు. జనవరిలో సంక్రాంతికి ఆంధ్ర వైపు ఊళ్లున్న వాళ్లు వారం ముందే బస్సు టికెట్ల గురించి ఆలోచిస్తుంటారు. మూడు నెలల గడువును పండుగ వారంలో పెట్టి తర్వాత విసుక్కోవడంలో అర్థం లేదు.

మొదటి కాల్

దీని పని ఒక్కటే: ఏ రెండు మూడు విషయాల మీద లక్ష్యం రాయాలో తేల్చడం. లక్ష్యాలు రాయడం ఇందులో వద్దు. తొమ్మిది మంది కలిసి ఒక వాక్యం రాస్తే అది ఎవరికీ నచ్చని వాక్యమే అవుతుంది.

మొదటి 7 నిమిషాల్లో నియమాలు, దాంతోపాటు మేనేజర్ రెండు నిమిషాల మాట. పై నుంచి మారని నిర్ణయాలు ఏమైనా ఉంటే అప్పుడే చెప్పేయాలి. ఉదాహరణకు “సెప్టెంబర్‌కల్లా కొత్త జీఎస్టీ రిపోర్టు ఇవ్వాల్సిందే, దాని మీద చర్చ లేదు” అన్నమాట ముందే తెలిస్తే ఎవరికీ బాధ లేదు. గంట చర్చించాక తెలిస్తే ఇంకోసారి ఎవరూ మనసు పెట్టరు. ఆ రెండు నిమిషాల తర్వాత ఆఖరి పది నిమిషాల దాకా మేనేజర్ మాట్లాడకూడదు. సార్ ఒక అభిప్రాయం చెప్పాక “లేదు సార్, నాకు వేరేగా అనిపిస్తోంది” అనడం మన దగ్గర ఎంత కష్టమో అందరికీ తెలుసు.

7 నుంచి 20 దాకా అంకెల కాగితం. అయిదు నిమిషాలు అందరూ మౌనంగా చదవాలి, మిగతా సమయం అర్థం కానివి అడగడానికి. పరిష్కారాలు చెప్పబోయేవారిని అక్కడే ఆపండి. కొత్తగా నడిపేవారికి ఈ మౌనం భయం పుట్టిస్తుంది, నింపేద్దామని మాట్లాడతారు. మాట్లాడకండి. “అయిదు నిమిషాలు మ్యూట్‌లో చదువుదాం, నేను పిలుస్తా” అని చెప్పి మీరూ చదవండి.

20 నుంచి 40 దాకా ఫారం కుప్పలు. ఆరు నిమిషాలు మళ్లీ మౌనంగా ఎవరికి తోచింది వాళ్లు షీట్‌లో చేర్చాలి. తర్వాత ఒక్కో కుప్పకు రెండు నిమిషాలు. 40 నుంచి 48 దాకా విరామం, కెమెరాలు ఆఫ్. దీన్ని సమయం మిగుల్చుకోవడానికి కోసేయొద్దు.

48 నుంచి 70 దాకా చిన్న గదులు, అంటే కాల్‌లోనే విడగొట్టే బ్రేకౌట్ రూమ్‌లు, ముగ్గురేసి. హైదరాబాద్ వాళ్లను ఒకే గదిలో వేయకండి, వరంగల్ ఇద్దరినీ కలపకండి. ప్రతి గదికి రెండు కుప్పలిచ్చి ఒకే ప్రశ్న వేయాలి: ఇది బాగుపడితే అంకెల కాగితంలో ఏ అంకె కదులుతుంది? ఏ అంకే కదలదని తేలితే ఆ కుప్పను పక్కన పెట్టండి. ప్రశ్నను గదుల్లోకి పంపే ముందే షీట్‌లో రాసి ఉంచాలి. లోపలికి వెళ్లాక “మనల్ని ఏం చేయమన్నారండీ?” అనే మాటతోనే మూడు నిమిషాలు పోతాయి.

70 నుంచి 80 దాకా ఓటు. మనిషికి మూడు ఓట్లు, మళ్లీ ఫారంలోనే, రహస్యంగా. చేతులెత్తమంటే రెండో చెయ్యి ఎవరిదో చూసి మూడో చెయ్యి లేస్తుంది. ఆఖరి పది నిమిషాల్లో ఫలితం చూపించి మేనేజర్ నిర్ణయం చెప్పాలి. ఓటును కాదని వేరేది ఎంచుకునే హక్కు ఆయనకుంది, కానీ ఎందుకో ఒక వాక్యంలో చెప్పాలి, ఆ వాక్యాన్ని రాసేవారు నోట్ చేయాలి. తర్వాత ఒక్కో విషయానికి ఇద్దరేసి మనుషులను రాతకు ఎంచి కాల్ ముగించండి.

మధ్యలో రెండు రోజులు: లక్ష్యం రాయడం

ఇద్దరూ కలిసి మొదట రాసేది దాదాపు ఎప్పుడూ ఇలా ఉంటుంది: “కొత్త షాపులకు ఆన్‌బోర్డింగ్ మెరుగుపరచాలి.” ఎంత మెరుగుపడితే చాలో ఇందులో లేదు. రెండోసారి ఇలా వస్తుంది: “స్టాక్ ఎక్కించే కొత్త స్క్రీన్ ఆగస్టులో విడుదల చేయాలి.” తేదీ వచ్చింది కానీ ఇది పని, ఫలితం కాదు. స్క్రీన్ విడుదలై ఒక్క షాపు కూడా వాడకపోయినా లక్ష్యం నెరవేరినట్టే లెక్క. మూడోసారి: “కొత్త షాపు నమోదు నుంచి మొదటి బిల్లు దాకా పట్టే మధ్యస్థ సమయాన్ని సెప్టెంబర్ 30 నాటికి 9 రోజుల నుంచి 4 రోజులకు తేవాలి.” ఇది లక్ష్యం. అయినా ఇందులో ఒక కన్నం ఉంది.

షాపుకు వెళ్లిన సేల్స్ అబ్బాయి యజమాని చేత ఒక పారాసెటమాల్ షీటుకు ఉత్తుత్తి బిల్లు కొట్టిస్తే చాలు, అంకె 1 రోజుకు పడిపోతుంది. షాపు మాత్రం పాత పుస్తకంలోనే రాసుకుంటూ ఉంటుంది. కొలత మీద ఒత్తిడి పెరిగితే ఆ కొలత చెడుతుందని గుడ్‌హార్ట్ పేరు మీద చెప్పుకునే నియమం ఇదే. కన్నం రెండు చోట్ల పూడ్చాలి. మొదటిది నిర్వచనం: ‘మొదటి బిల్లు’ తీసేసి ‘ఒకే రోజులో 10 బిల్లులు కొట్టిన మొదటి రోజు’ అని రాయండి. ఇలా మారిస్తే 9 అన్న ఆరంభ అంకెను కూడా కొత్త నిర్వచనంతో మళ్లీ తీసి చూడాలి. మనం అది 9గానే తేలిందనుకుందాం. రెండోది కాపలా అంకె, అంటే పేజీలో రాయమన్న ‘చెడకూడని మరో అంకె’: మొదటి నెల సపోర్టు కాల్స్ షాపుకు 3 దాటకూడదు. స్టాక్ లిస్టు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు సరిగా ఎక్కించకుండా తొందరపెడితే ఆ అంకె వెంటనే లేస్తుంది.

అంకె ఎంత గట్టిగా ఉండాలి? ‘మీకు చేతనైనంత చేయండి’ అనడం కన్నా స్పష్టమైన, కొంచెం కష్టమైన లక్ష్యం మెరుగైన ఫలితమిస్తుందని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్‌ల పరిశోధన చెబుతుంది. కాకపోతే ఆ మనుషులు దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, మధ్యలో ఎక్కడున్నారో వాళ్లకు తెలుస్తుండాలి. పని పూర్తిగా కొత్తదైతే ఫలితపు అంకె పెట్టడం తొందరపాటు. ‘సెప్టెంబర్ 30 లోపు 12 షాపుల్లో మూడు పద్ధతులు పరీక్షించి ఒకటి ఎంచుకోవాలి’ అని నేర్చుకునే లక్ష్యం పెట్టడం నయం.

రాతతోపాటు ఆ ఇద్దరూ పనిదినాల అంచనా కూడా తేవాలి. ఇక్కడ మనందరం ఆశపోతులమే. పనికి పట్టే కాలాన్ని తక్కువగా వేసుకునే ఈ అలవాటుకు మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, అమోస్ ట్వర్‌స్కీ 1979లోనే ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. విరుగుడు: “ఎన్ని రోజులు పడుతుంది?” అని అడగొద్దు, “ఇలాంటిది పోయినసారి చేసినప్పుడు నిజంగా ఎన్ని రోజులు పట్టింది?” అని అడగండి. మన టీమ్‌లో మూడు లక్ష్యాలకు 110, 95, 90 వచ్చాయనుకుందాం. మొత్తం 295. చేతిలో ఉన్నవి 246. మూడోది ఆగిపోవాలి, లేదా మూడింటినీ కోయాలి. మూడింటినీ కొంచెం కొంచెం కోసి సర్దుకుందామనే ఆలోచన అందరికీ నచ్చుతుంది, ఎందుకంటే అందులో ఎవరికీ కాదు చెప్పక్కర్లేదు. ఆ దారిలో వెళ్తే సెప్టెంబర్‌కు మూడూ సగంసగం మిగులుతాయి. మూడోదాన్ని చేయని పనుల జాబితాలోకి పంపండి.

రెండో కాల్

ఒక్కో లక్ష్యానికి 17 నిమిషాలు. 4 నిమిషాలు అందరూ మౌనంగా కామెంట్లు రాస్తారు, 10 నిమిషాలు చర్చ, చివరి 3 నిమిషాల్లో ఆఖరి వాక్యాన్ని తెర మీదే టైప్ చేయాలి. మూడోదానికి వంతు వచ్చినప్పుడు చర్చ మళ్లీ ‘ఇది కూడా పెట్టుకుంటే పోలా’ వైపు వెళ్తుంది. 246 అన్న అంకెను షీట్ పైవరసలో పెద్ద అక్షరాల్లో ఉంచండి, మీరు వాదించాల్సిన అవసరం ఉండదు.

విరామం తర్వాత పది నిమిషాలు మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన ప్రీమార్టం, అంటే పని తప్పిందని ముందే ఊహించుకుని కారణాలు వెతకడం. “ఈ రోజు సెప్టెంబర్ 30. లక్ష్యం తప్పింది. ఎందుకు తప్పిందో ఒక్కొక్కరూ రెండు కారణాలు రాయండి.” శుభమా అని మొదలుపెడుతూ ఈ అపశకునం మాటలేంటని ఎవరైనా నొచ్చుకోవచ్చు. “ఇప్పుడు రాసుకుంటే అప్పుడు తప్పించుకోవచ్చు” అని నవ్వుతూ చెప్పి రాయించండి. ‘తప్పవచ్చు’ అని అడిగితే మొహమాటంతో చిన్న కారణాలే వస్తాయి. ‘తప్పింది’ అంటేనే అసలువి వస్తాయి: డిస్ట్రిబ్యూటర్ల ఎక్సెల్ ఫైళ్లు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి, టెస్టింగ్ చేసే ఒకే ఒక్క మనిషి ఆగస్టులో పెళ్లి సెలవులో ఉన్నారు. ఎక్కువమంది రాసిన రెండు కారణాలకు అక్కడే పేరు, తేదీ వేసి పని అప్పగించండి.

తర్వాత నమ్మకం అంకె. “ఈ లక్ష్యం చేరుకుంటామన్న నమ్మకం 1 నుంచి 10లో ఎంతో చాట్‌లో టైప్ చేయండి, నేను మూడు లెక్కపెట్టేదాకా ఎంటర్ నొక్కకండి.” అందరివీ ఒకేసారి పడతాయి. ఎక్కువగా 6, 7 వస్తే లక్ష్యం సరైన ఎత్తులో ఉన్నట్టు. అన్నీ 9, 10 అయితే అది ఎలాగూ అయ్యే పనే. అన్నీ 4 లోపు అయితే అంకె మార్చాలి. అన్నిటికన్నా ఆసక్తికరమైనది 3, 9 కలిసి రావడం. ఆ ఇద్దరి మనసులో రెండు వేర్వేరు పనులున్నాయన్నమాట. ముందు 3 పెట్టినవారిని మాట్లాడనివ్వండి. “ఎందుకంత తక్కువ?” అనకండి, “మీకు కనిపించి మాకు కనిపించనిదేంటండీ?” అనండి.

ఆఖరి ఎనిమిది నిమిషాల్లో ప్రతి లక్ష్యానికీ బాధ్యత తీసుకున్నవారు తమ వాక్యాన్ని తామే గట్టిగా చదవాలి. చేయని పనుల జాబితాను మేనేజర్ చదవాలి. రెండు నెలల తర్వాత వాటిలో ఒకటి “అర్జెంట్” అంటూ తిరిగి వచ్చేది ఎక్కువగా ఆయన దగ్గర నుంచే.

తెర మీద వచ్చే చిక్కులు

ఐదుగురు గచ్చిబౌలి ఆఫీసులో ఒక గదిలో కూర్చుని, నలుగురు బయటి నుంచి చేరితే, ఆ నలుగురూ ప్రేక్షకులైపోతారు. గదిలో నవ్వులు వినిపిస్తాయి, కారణం తెలియదు. ఒక్కరు బయట ఉన్నా సరే, అందరూ ఎవరి ల్యాప్‌టాప్ ముందు వాళ్లు, ఎవరి హెడ్‌సెట్‌తో వాళ్లు చేరాలి.

“చూద్దాం”, “ట్రై చేస్తా”, “అయిపోద్ది లెండి” ఈ మూడూ ఒప్పుకోలు కిందికి రావు. మన మర్యాదలో కాదు అని చెప్పే పద్ధతులవి. విన్నప్పుడల్లా “ఏ తేదీకండీ? మధ్యలో ఏది అడ్డం రావచ్చు?” అని అడిగి జవాబును రాసుకోవాలి. భాష విషయంలో, మౌనంగా రాసేటప్పుడు ఎవరికి ఏది చేతనైతే అది రాయనివ్వండి, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా పర్వాలేదు. కాల్‌లో తెలుగు రానివారు ఒక్కరున్నా చర్చ అందరికీ వచ్చిన భాషలో నడవాలి. ఆఖరి పేజీ ఒకే భాషలో ఉండాలి.

కరెంటు, నెట్ సంగతి. ఇన్వర్టర్ ఉందనుకుంటారు, కానీ రౌటర్ ఆ లైన్‌లో ఉండదు. ముందురోజు మెయిన్ ఆపి చూసుకోమనండి. వాన పట్టిన రోజుల్లో ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. నడిపేవారి లైన్ తెగితే కాల్ ఆగిపోకుండా ఇంకొకరిని ముందే కోహోస్ట్ చేయండి. డబ్బు కట్టని ఖాతాలైతే జూమ్ 40 నిమిషాలకు, ముగ్గురూ అంతకన్నా ఎక్కువ మంది ఉన్నప్పుడు గూగుల్ మీట్ 60 నిమిషాలకు ఆగిపోతాయి. కెమెరా మొదటి అయిదు నిమిషాలు, చిన్న గదుల్లో చాలు. ఒకే గది ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ల మధ్య కూర్చున్న మనిషిని గంటన్నర కెమెరాలో ఉంచడం వల్ల లక్ష్యం ఏమీ బాగుపడదు.

ఆ తర్వాత 13 వారాలు

పేజీ 24 గంటల్లో అందరికీ చేరాలి, టీమ్ గ్రూప్‌లో పైన పిన్ చేసి ఉండాలి. ప్రతి సోమవారం మధ్యాహ్నం లోపు బాధ్యులు మూడు ముక్కలు రాస్తారు: ఇప్పటి అంకె, ఆకుపచ్చో పసుపో ఎరుపో, అడ్డంకి ఒకటి. ఎరుపు వస్తేనే పావుగంట కాల్. మూడు వారాలు వరసగా ఆకుపచ్చ ఉండి అంకె మాత్రం కదలకపోతే, ఆ ఆకుపచ్చ మొహమాటపు రంగు.

ఏడో వారంలో ఒకసారి 45 నిమిషాలు కూర్చుని లక్ష్యం మార్చాలా అని చూడండి. బయటి పరిస్థితి మారితేనే మార్చాలి. కష్టంగా ఉందని మార్చడం మొదలైతే ఆపలేరు. మారిస్తే పాత వాక్యాన్ని చెరిపేయకుండా కొట్టేసి కింద కొత్తది, తేదీ రాయండి.

సెప్టెంబర్ 30న లెక్క సులువే. 9 నుంచి 4కు రావాలనుకున్నారు, 6కు వచ్చారు. 5 రోజుల దూరంలో 3 రోజులు నడిచారు కాబట్టి 0.6. గూగుల్ పద్ధతిలో 0.6, 0.7 మంచి ఫలితమే. కాపలా అంకె 3 దాటిందా అన్నది ఆ పక్కనే రాయాలి, అది దాటితే 0.6కు విలువ లేదు. దాని కింద మరో వరస: 110 రోజులనుకున్న పనికి నిజంగా పట్టిన రోజులు. డిసెంబర్ దాకా వేసుకునే లెక్కలో “పోయినసారి ఎన్ని పట్టాయి?” అన్న ప్రశ్నకు జవాబు ఆ వరసలోనే ఉంటుంది. దసరా సెలవులకు జనం ఊళ్లు వెళ్లకముందే ఆ షీట్ నింపించుకోండి.